లోపం మోసే బెడ్లింగ్టన్‌ను పక్కన పెట్టడమా, జత కట్టించడమా: ఏది మేలు?

గొర్రెపిల్లలా కనిపించే బెడ్లింగ్టన్ టెర్రియర్ ఇంగ్లండ్ ఉత్తరాన నార్తంబర్లాండ్ గని కార్మికుల ఇళ్లలో ఎలుకలు పట్టడానికి పెరిగిన కుక్క. దానికి 1877లోనే జాతీయ క్లబ్బు ఏర్పడింది. ఆ జాతిని ఒక జబ్బు చాలాకాలం పీడించింది. తిండిలోని రాగిని కాలేయం పైత్యరసంతో బయటికి పంపలేదు, లోపలే దాచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క కాలేయంలో, ఎండిన బరువు లెక్కన, గ్రాముకు 400 మైక్రోగ్రాముల లోపే రాగి ఉంటుంది. జబ్బు కుక్కలో అది వేలల్లోకి చేరుతుంది. లక్షణాలు బయటపడేసరికి రెండేళ్లో నాలుగేళ్లో గడిచిపోతాయి. అప్పటికే అది ఒకటి రెండు ఈతలకు తల్లో తండ్రో అయి ఉంటుంది. జబ్బు అంతగా పాకడానికి కారణం అదే.

ఇది ఒక జన్యువులోని లోపం వల్ల వచ్చే జబ్బు. ఆ జన్యువు లోపపు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ అందితేనే జబ్బు వస్తుంది. ఒక్క ప్రతి ఉన్నది వాహకం. దానికి ఈ జబ్బు రాదు, లోపాన్ని పిల్లలకు అందించగలదు అంతే. ఒకప్పుడు కాలేయం ముక్క తీసి పరీక్షిస్తే తప్ప జబ్బు తెలిసేది కాదు. అందులోనూ వాహకాన్ని గుర్తుపట్టే దారి లేదు. 2002లో డచ్ శాస్త్రవేత్తలు కామ్‌డి1 అని నేడు పిలిచే జన్యువులో ఒక భాగం ఊడిపోయి ఉండటాన్ని కనుగొన్నారు. దాంతో వాహకాలను నేరుగా గుర్తించడం సాధ్యమైంది. బ్రీడర్ల ముందు అసలు ప్రశ్న నిలిచింది కూడా అప్పుడే: తేలిన వాహకాన్ని ఏం చేయాలి?

మొదటి దారి, వాహకాలన్నింటినీ సంతానోత్పత్తి నుంచి తప్పించడం. ఒకే తరంలో పని ముగుస్తుంది. అజాగ్రత్తపరుల చేతిలో వాహకం పడుతుందన్న భయం ఉండదు. ఈ దారి ఎంచుకున్నవారి ఉద్దేశాన్ని నేను శంకించను. జబ్బుతో కుక్క కృశించడం చూసినవారికి ఇంకెప్పుడూ అది జరగకూడదన్న తెగింపు సహజంగానే వస్తుంది.

కానీ లెక్క వేసి చూడండి. ఒక జాతిలో జన్యువు ప్రతుల్లో సగం లోపమున్నవి అనుకుందాం. అప్పుడు వంద కుక్కల్లో సుమారు 25 జబ్బువి, 50 వాహకాలు, 25 మాత్రమే లోపం లేనివి. వాహకాలను కూడా తప్పిస్తే ఆ పాతికతోనే జాతిని నడపాలి. ఇక అందరూ పేరున్న ఒకటి రెండు మగ కుక్కల దగ్గరికే వెళతారు. ఆ మగ కుక్కలో మనకు పరీక్ష లేని మరో లోపం దాగి ఉండవచ్చు. అది మనవలు, మునిమనవల దాకా పాకి, వాళ్లలో వాళ్లకు జతలు కుదిరినప్పుడు బయటపడుతుంది. ఆఫ్రికా మూలం ఉన్న బసెంజీ జాతిలో ఇలాంటిదే జరిగిందని పెంపకందారులు నేటికీ చెప్పుకుంటారు. రక్తహీనత వాహకాలను మొత్తంగా ఏరివేశాక, కంటి జబ్బులు, మూత్రపిండాల జబ్బు పైకి వచ్చాయి.

రెండో దారి, మంచి వాహకాన్ని లోపం లేని కుక్కతోనే జత కట్టించడం. ఆ ఈతలో జబ్బు పిల్ల పుట్టదు. ఒక్కో పిల్లకూ వాహకమయ్యే అవకాశం సగం. నాలుగు పిల్లలు పుడితే నాలుగూ వాహకాలే కావడానికి పదహారింట ఒకటే వంతు అవకాశం ఉంటుంది. అంటే చాలావరకు ఆ ఈతలోనే లోపం లేని పిల్ల దొరుకుతుంది. తల్లి గుణం, వంశం నిలుస్తాయి, లోపం మాత్రం అక్కడితో ఆగుతుంది. తలసీమియా వాహకులైన ఇద్దరు ఒకరినొకరు పెళ్లాడేముందు ఆలోచించమని మన డాక్టర్లు చెబుతారు, మేనరికాలున్న ఇళ్లలో మరీ గట్టిగా చెబుతారు. వాహకుడు అసలు పెళ్లే చేసుకోకూడదని మాత్రం అనరు.

నా ఓటు రెండోదానికే. సంఖ్య పెద్దగా ఉన్న జాతులకు మొదటి దారి నష్టం తక్కువే. బెడ్లింగ్టన్ వంటి చిన్న జాతికి అది తట్టుకోలేని మూల్యం. పైగా వాహకాలను ఏరివేసినా జబ్బు పూర్తిగా పోదు. ఆ జన్యువులో లోపం లేని కొన్ని బెడ్లింగ్టన్లలోనూ రాగి పేరుకున్నట్టు తేలింది. కాబట్టి పరీక్షలో నెగ్గిన కుక్కకు కూడా కాలేయ పరీక్షలు మానకూడదు.

అయితే ఈ దారిలో నడిచేవారికి క్రమశిక్షణ ఉండాలి. జతకు ముందు రెండు కుక్కల పరీక్ష ఫలితాలూ చేతిలో ఉండాలి. వాహకాన్ని వాహకంతో కలిపితే పావు వంతు పిల్లలు జబ్బుతో పుడతాయి, అది పొరపాటు కాదు, నేరం. తండ్రీకూతుళ్లు, తల్లీకొడుకులు, అన్నాచెల్లెళ్ల జతలకు పుట్టిన పిల్లలను జాతి కుక్కల వంశాలను నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 2009 నుంచి నమోదు చేయడం లేదు. మనసున్న బ్రీడర్ అంతకంటే దూరపు చుట్టరికాన్ని వెతుకుతాడు. ఈతలోని వాహక పిల్లలను పెంపుడు కుక్కలుగా ఇచ్చేటప్పుడు, వాటి సంతానం నమోదుకు అర్హం కాదన్న షరతును అదే క్లబ్ పత్రాలపై రాయించవచ్చు. కొనేవారికి ఆ షరతు అర్థమయ్యేలా చెప్పి, సంతకం తీసుకున్న తర్వాతే పిల్లను చేతిలో పెట్టాలి.