గ్రహణం బాగుంది, కుళాయిలో నీళ్లు లేవు

మైపాడు బీచ్ దగ్గర రూము తీసుకునేవాళ్లు ముందు కుళాయి తిప్పి చూసుకోండి. డబ్బులు తర్వాత ఇవ్వండి.

మావాడు అడిగింది సంపూర్ణ సూర్యగ్రహణం. అది మన దేశంలో చూడాలంటే 2034 మార్చి 20 దాకా ఆగి, కాశ్మీరు వైపు పోవాలి. అందుకని 2025 సెప్టెంబరు 7, ఆదివారం నాటి చంద్రగ్రహణానికి ఒప్పించాను. ఆత్మకూరు నుంచి కారులో నలుగురం. అత్తగారిది కుంభరాశి, గ్రహణం పట్టేది కూడా కుంభంలోనే. "నేను రూములోనే ఉంటా నాయనా, తొంగి కూడా చూడను" అని ముందే చెప్పేశారు.

రూము 2,400, రాత్రి భోజనంతో కలిపి. ఫోనులో "సీ వ్యూ సార్" అన్నాడు. కిటికీ తీస్తే పక్క షెడ్డు గోడ. సరే పోనీ అనుకుని ఏడింటికి కిందికి దిగితే వంటగదికి తాళం. "గ్రహణం కదా సార్, వంటవాళ్లు వెళ్లిపోయారు." ఆ గ్రహణం సంగతి ఉగాది పంచాంగంలోనే ఉంది, అడ్వాన్సు వేయించుకునేటప్పుడు గుర్తు రాలేదా? అరగంట గొడవపడితే 300 వెనక్కిచ్చాడు. రూము మాట్లాడింది నేనే కాబట్టి మా ఆవిడ నాతో మాటలు మానేసింది. చివరికి అత్తగారు దర్భ వేసి తెచ్చిన పులిహోర డబ్బా ముగ్గురం గీక్కుని తిన్నాం. ఆవిడ మధ్యాహ్నం నుంచే ఉపవాసం.

9:57కి పట్టడం మొదలైంది. చంద్రుడు బాగా పైకి వచ్చేస్తాడు, మెడ పట్టేస్తుంది. ఇసకలో దుప్పటి పరిచి వెల్లకిలా పడుకోవడమే మేలు. ఇది చంద్రగ్రహణం, కళ్లద్దాలు అక్కర్లేదు. 11 గంటలకు ఆఖరి తెల్లగీత పోయింది. చింతపండుతో తోమి ఏడాదైన రాగిచెంబు ఎలా ఉంటుందో అలా అయ్యాడు చంద్రుడు. అంతసేపూ వెన్నెలకి కనపడని చుక్కలన్నీ బయటపడ్డాయి, కాస్త తూర్పుగా శని కూడా. భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వచ్చే ఎర్రవెలుగే అక్కడ పడుతుందని మావాడు చెప్తున్నాడు. వెనక ఎవరో "ఊఁ" కొట్టారు. తిరిగి చూస్తే అత్తగారు, నెత్తిన కొంగు కప్పుకుని. ఎవరం ఏమీ అనలేదు. 12:22కి మళ్లీ వెలుగు తొంగిచూసేదాకా అక్కడే నిలబడ్డారు.

1:26కి విడుపు. స్నానానికి పోతే కుళాయి సుయ్‌మంది. మోటారు వేసే కుర్రాడు ఇంటికెళ్లాడట. "పొద్దున ఆరింటికి సార్" అని కౌంటరు మీద పడుకున్నవాడు కళ్లు తెరవకుండానే చెప్పాడు. విడుపు స్నానం కానిదే అత్తగారు గుక్కెడు నీళ్లు కూడా ముట్టరు. ఆ అపరాత్రి మావాడూ నేనూ పిడి ఊడిన లాడ్జి బకెట్ మోసుకుంటూ సముద్రానికి రెండుసార్లు తిరిగాం. ఆవిడ మాత్రం "గ్రహణానికి సముద్రస్నానమే కదా నాయనా మంచిది" అని ఆ ఉప్పునీళ్లే పోసుకున్నారు.

పొద్దున నెల్లూరులో ఇడ్లీలు, నలుగురికి 260. మా ఆవిడ అక్కడ మాట కలిపింది.

2028 డిసెంబరు 31 రాత్రి మళ్లీ సంపూర్ణ చంద్రగ్రహణం, మనకి కనపడుతుంది. మైపాడుకే వెళ్తాం. రూము మాత్రం తీసుకోం. చాప, పులిహోర, రెండు క్యాన్ల నీళ్లు.