ప్లూరల్ ఫ్లూయిడ్ మీద క్యాన్సర్ జన్యు పరీక్షలు: విడి కోడ్లా, ప్యానెల్ కోడా, లిక్విడ్ బయాప్సీ కోడా? ఏది మేలు?

అమెరికా ల్యాబ్ క్లెయిములు (బీమాకు పంపే బిల్లులు) చూసేవాళ్లకు ప్లూరల్ ఫ్లూయిడ్, అంటే ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటి, కేసు వచ్చిందంటే కాస్త టెన్షనే. శాంపిల్ చూస్తే ద్రవం, రిపోర్టు చూస్తే అచ్చం టిష్యూ బయాప్సీ రిపోర్టు. అదే నీటికి సీపీటీ (పరీక్షల బిల్లింగ్) కోడ్లలో ఒక ల్యాబ్ 81235 వేస్తుంది, అది ఒక్క జీన్ కోడ్; ఇంకో ల్యాబ్ 81445 వేస్తుంది, అది ప్యానెల్, అంటే చాలా జీన్లను కలిపి చూసే పరీక్ష కోడ్; మరొకటి 81462 వేస్తుంది, అది లిక్విడ్ బయాప్సీ, అంటే ద్రవంలో తేలే డీఎన్ఏ మీద చేసే పరీక్ష కోడ్. వీటిలో ఏది మేలు అని అడిగేవాళ్లు సాధారణంగా రేటు చూసే అడుగుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఆ నీటిలో ఏ భాగం మీద పరీక్ష చేశారన్నది. రెండోది, నీరు తీసిన రోజు రోగి అడ్మిట్ అయి ఉన్నాడా లేదా అన్నది. కోడ్ సంగతి ఆ తర్వాతే.

నీటిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కణాలు అడుగుకు చేరతాయి, పైన తేట నీరు మిగులుతుంది. అడుగున ఉన్న కణాలను ఫార్మలిన్‌లో ఉంచి, పారఫిన్ మైనంలో దిమ్మలా పోస్తే అది సెల్ బ్లాక్. దానికి 88305, స్లైడ్ల తయారీ పద్ధతిని బట్టి సైటాలజీకి (కణాలను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్షకు) 88112 లేదా 88108. వీటి దగ్గర పెద్ద గొడవ ఉండదు. పైన మిగిలిన తేటలో మాత్రం, చనిపోయిన క్యాన్సర్ కణాల నుంచి విడుదలైన డీఎన్ఏ ఉంటుంది. చాలాచోట్ల ఆ తేటను పారబోస్తారు. కొన్ని ల్యాబులు పనిగట్టుకుని దాని మీదే పరీక్ష చేస్తాయి. కోడింగ్‌లో దారులు చీలేది ఇక్కడే.

విడి కోడ్లు, ప్యానెల్ కోడ్

సెల్ బ్లాక్ మీద పరీక్ష జరిగిందనుకుందాం. ఈజీఎఫ్ఆర్ జీన్‌కు 81235, బ్రాఫ్ జీన్‌లోని వి600 మార్పుకు 81210, కేరాస్ జీన్‌లోని కోడాన్ 12, 13 అనే చోట్లకు 81275. మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు ఉండే అమెరికా ప్రభుత్వ బీమా) క్లినికల్ ల్యాబ్ ఫీజు షెడ్యూల్‌లో వీటి ధరలు వరసగా 324.58, 175.40, 193.25 డాలర్లు. మూడూ కలిపితే 693.23. అయిదు నుంచి 50 జీన్ల సీక్వెన్సింగ్ ప్యానెల్‌కు, అంటే 81445కు, ఇచ్చేది 597.91 డాలర్లే. మూడు జీన్ల బిల్లు యాభై జీన్ల బిల్లును దాటిపోతోంది! ఈ లెక్క చూసినవాళ్లకు విడగొట్టి వేద్దామన్న ఆశ పుట్టడంలో వింతేమీ లేదు.

కానీ ఒకే రన్‌లో ఎన్‌జీఎస్ (చాలా జీన్లను ఒకేసారి చదివే పద్ధతి) ప్యానెల్ చేసి, జీన్ల వారీగా బిల్లు వేస్తే అది అన్‌బండ్లింగ్, అంటే ఒకే పనిని ముక్కలు చేసి బిల్లు పెంచే తప్పు. పరీక్ష ఎలా జరిగిందో రిపోర్టులోని మెథడాలజీ పేరాలో రాసే ఉంటుంది. ఆడిటర్ మొదట తెరిచేది ఆ పేరానే. కోడర్ మాత్రం చాలాసార్లు ఫలితాల పట్టిక దగ్గరే ఆగిపోతాడు.

అలాగని విడి కోడ్లు పనికిరావని కాదు. మందు తొందరగా మొదలుపెట్టాలని డాక్టర్ ఈజీఎఫ్ఆర్‌కు పీసీఆర్ ఒక్కటే అడిగితే 81235 సరైన కోడే. చేసిన జీన్లు అయిదుకు తక్కువైతే 81445 అసలు వర్తించదు. అయితే పీసీఆర్ చేసిన వారానికే, ఈజీఎఫ్ఆర్ కూడా ఉన్న ప్యానెల్ చేస్తే, ఒకే జీన్‌కు రెండుసార్లు డబ్బు ఎందుకని పేయర్ (డబ్బు చెల్లించే బీమా సంస్థ) అడుగుతాడు. రెండోది ఎందుకు అవసరమైందో ఆర్డర్‌లో డాక్టర్ మాటల్లోనే ఉండాలి. క్లెయిమ్ తిరిగొచ్చాక రాయించుకున్న వివరణకు అంత బలం ఉండదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇవాళ చూడాల్సిన జీన్ల జాబితా పొడవైనది, సెల్ బ్లాక్‌లో దొరికే కణాలు కొద్ది. ఒక్కో జీన్‌కు ఒక్కో ముక్క కోసుకుంటూ పోతే చివరి పరీక్షకు సరుకు మిగలదు. వైద్యం వైపు నుంచి చూసినా, బిల్లింగ్ వైపు నుంచి చూసినా నా ఓటు ప్యానెల్‌కే.

ప్యానెల్ అనగానే 81455 వైపు చూపు పోతుంది. 51 జీన్లు, ఆపైన అయితే ఆ కోడ్. ధర 2,919.60 డాలర్లు. 50వ జీన్‌కూ 51వ జీన్‌కూ మధ్య ఇంత అగాధం ఉంది కాబట్టే పేయర్లు ఈ కోడ్‌ను అనుమానంగా చూస్తారు. ల్యాబ్ 500 జీన్లు చదివినా, ఆర్డర్‌లో, పాలసీలో సమర్థించగలిగింది 30 జీన్లకే అయితే ఆ క్లెయిమ్ నిలబడటం కష్టం. అయిదు నుంచి 50 జీన్ల ప్యానెల్‌లో డీఎన్ఏ, ఆర్ఎన్ఏ రెండూ కలిపి చేసినా 81445 ఒక్కటే; ఆర్ఎన్ఏ మాత్రమే చేస్తే 81449. ఆ టెస్టుకు సొంత పీఎల్ఏ కోడ్ (ఒక ల్యాబ్ టెస్టుకే ప్రత్యేకంగా ఇచ్చే కోడ్) ఉంటే ఈ చర్చే అక్కర్లేదు, అదే వేయాలి. ఫౌండేషన్‌వన్ సీడీఎక్స్ అనే టెస్టుకు 0037యూ అలాంటిదే.

పైతేట సంగతి

సాంకేతికంగా ఇది మంచి శాంపిల్. కణాలు తక్కువగా ఉన్న నీటిలో కూడా కొన్నిసార్లు తేటలో మ్యుటేషన్ దొరుకుతుంది. బిల్లింగ్‌లో మాత్రం మూడింటిలోకీ బలహీనమైన దారి ఇదే. 2024 జనవరిలో వచ్చిన 81462, 81463, 81464 కోడ్లు సెల్-ఫ్రీ న్యూక్లియిక్ యాసిడ్ (కణాల బయట తేలే డీఎన్ఏ, ఆర్ఎన్ఏ) కోసమే. వాటి వివరణలో ప్లాస్మాను (రక్తంలోని ద్రవ భాగాన్ని) ఉదాహరణగా మాత్రమే ఇచ్చారు కాబట్టి ప్లూరల్ ఫ్లూయిడ్ తేటకు వేయొచ్చని వాదించవచ్చు. ఆ వాదన తప్పు కాదు. కానీ కోడ్ సరిపోవడం వేరు, కవరేజీ ఉండటం వేరు. మెడికేర్ కోసం మాలిక్యులర్ టెస్టుల కవరేజీ తేల్చే మోల్‌డీఎక్స్ ప్రోగ్రామ్ లిక్విడ్ బయాప్సీ పాలసీ రాసింది ప్లాస్మాను దృష్టిలో పెట్టుకుని. పామెటో, నోరిడియన్, సీజీఎస్, డబ్ల్యూపీఎస్ అనే మెడికేర్ కాంట్రాక్టర్ల పరిధిలోని ల్యాబులు ప్రతి టెస్టుకూ జెడ్-కోడ్ (టెస్టు గుర్తింపు కోడ్) తీసుకోవాలి. ఆ రిజిస్ట్రేషన్‌లో ప్లూరల్ ఫ్లూయిడ్‌ను శాంపిల్‌గా చూపించి ఉండకపోతే సీపీటీ కోడ్ ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు.

అడ్మిషన్ తేదీ కొట్టే దెబ్బ

ఊపిరాడక ఆసుపత్రిలో చేరినవాళ్లకే ఎక్కువగా ఈ నీరు తీస్తారు. అందుకే లంగ్ నాడ్యూల్ (ఊపిరితిత్తిలోని చిన్న గడ్డ) బయాప్సీ కేసులకన్నా ఇక్కడ 14 రోజుల రూల్ ఎక్కువగా తగులుతుంది. ఇన్‌పేషెంట్‌గా ఉన్నప్పుడు తీసిన శాంపిల్ మీద పరీక్షను డిశ్చార్జ్ అయ్యాక కనీసం 14 రోజులకు ఆర్డర్ చేస్తేనే, మిగతా షరతులకు కూడా లోబడి, ల్యాబ్ నేరుగా మెడికేర్‌కు బిల్లు వేయగలదు. అంతకుముందే ఆర్డర్ అయితే ఆ ఖర్చు డీఆర్‌జీలో, అంటే అడ్మిషన్ మొత్తానికి ఆసుపత్రికి ఇచ్చే ఒకే మొత్తంలో, కలిసిపోతుంది. ల్యాబ్ ఆసుపత్రి దగ్గరే వసూలు చేసుకోవాలి. అవుట్‌పేషెంట్‌గా థొరాసెంటిసిస్ (సూదితో ఈ నీరు తీయడం) చేయించుకున్నవాళ్లకు 2018 నుంచి సడలింపు ఉంది. డిశ్చార్జ్ అయ్యాక చేసిన మాలిక్యులర్ టెస్టుకు, షరతులు కుదిరితే, టెస్టు చేసిన తేదీయే డేట్ ఆఫ్ సర్వీస్, అంటే బిల్లులో చూపే సేవ తేదీ.

పథాలజిస్టు రిఫ్లెక్స్‌గా (డాక్టర్ కొత్త ఆర్డర్ కోసం ఆగకుండా) రెండో రోజే పంపిన ప్యానెల్ వల్ల ఆసుపత్రికి నష్టమని, 14 రోజులు ఆగి ఆర్డర్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. నాకది నచ్చదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగి ప్లూరల్ ఫ్లూయిడ్‌లో క్యాన్సర్ కణాలు కనిపించాయంటే టీఎన్ఎంలో (క్యాన్సర్ దశల వర్గీకరణలో) ఎం1ఎ, అంటే నాలుగో స్టేజి. ఆ మనిషిని రెండు వారాలు ఆపడం బిల్లింగ్ డిపార్ట్‌మెంట్ చేయాల్సిన నిర్ణయం కాదు.

ఆ నాలుగో స్టేజి విషయమే ఎన్‌జీఎస్ మీద మెడికేర్ జాతీయ పాలసీ 90.2కు కూడా కీలకం. అడ్వాన్స్‌డ్ క్యాన్సర్ అన్న షరతు దానితో తీరిపోతుంది. కాకపోతే అది డయాగ్నసిస్ కోడ్లలో కనపడాలి. ముందు సి34 వరసలో ప్రైమరీ (క్యాన్సర్ మొదలైన చోటు, ఇక్కడ ఊపిరితిత్తి), తర్వాత జె91.0 (క్యాన్సర్ వల్ల చేరిన ప్లూరల్ నీరు). జె91.0ను మొదట పెట్టకూడదు. సైటాలజీలో అనుమానం మాత్రమే అని ఉంటే అవుట్‌పేషెంట్ క్లెయిమ్‌లో జె91.0 కుదరదు, జె90 (క్యాన్సర్ అని తేలని ప్లూరల్ నీరు) దగ్గర ఆగాలి. జె90 ఒక్కదానితో క్యాన్సర్ ప్యానెల్‌కు డబ్బు రావడం కల్ల.

ఇక సెల్ బ్లాక్‌లో సరిపడా కణాలు లేవని ల్యాబ్ తిప్పి పంపిన కేసులు. అప్పుడు మిగిలేవి రెండు దారులు: దాచి ఉంచిన తేట, లేదా రోగి నుంచి కొత్తగా తీసే రక్తం. క్యాన్సర్ అని అప్పటికే నిర్ధారణ అయి ఉంటే బిల్లింగ్ పరంగా నేను రక్తమే మేలంటాను. పాలసీ ఉంది, జెడ్-కోడ్లున్నాయి, ఎఫ్‌డీఏ అనుమతి పొందిన టెస్టులూ ఉన్నాయి. టిష్యూ చాలలేదన్న ల్యాబ్ నోటును క్లెయిమ్ ఫైల్లో పెట్టుకోవాలి. రక్తంలో ఏమీ దొరకనప్పుడు మాత్రం తేట వైపు వెళ్లొచ్చు, అదీ పేయర్‌ను ముందే రాతపూర్వకంగా అడిగి.