గొడవ చూపించారు, తర్వాత ఏమైందో చెప్పలేదు: రియాలిటీ షోల ఎడిటింగ్‌పై ఒక పాత ప్రేక్షకుడి సమీక్ష

రియాలిటీ షోలను నేను చాలా ఏళ్లుగా, ఇష్టంగా, మొదటి ఎపిసోడ్ నుంచి ఫైనల్ దాకా చూస్తూ వస్తున్నాను. అపరిచితులను ఒకే ఇంట్లో ఉంచే షోలు, దీవుల్లో వదిలేసే షోలు, వంట, పాట వంటి నైపుణ్యాల పోటీలు, జంటలను కలిపే షోలు, అన్నీ చూశాను. ఇన్నేళ్ల తర్వాత నాకు గట్టిగా మిగిలిన అభ్యంతరం ఒక్కటే. గొడవలు ఎక్కువగా చూపిస్తున్నారన్నది కాదు నా బాధ. పదిమందిని ఒక చోట ఉంచితే మాటా మాటా రావడం సహజం, వచ్చినదాన్ని చూపించడంలో తప్పు లేదు. గొడవ ఎలా మొదలైందో, ఎలా ముదిరిందో మూడు నాలుగు కోణాల నుంచి చూపించినవారే, అది ఎలా చల్లారిందో, అసలు చల్లారిందో లేదో ఒక్క ముక్క కూడా చెప్పకుండా తర్వాతి టాస్క్‌లోకి వెళ్లిపోతారు. ప్రేక్షకుడికి అందవలసిన కథలో ఆ భాగం కోతకు గురవుతోందని, ఆ కోత యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

ఇరవై నాలుగు గంటల ప్రత్యక్ష ప్రసారం ఉన్న ఒక సీజన్‌ను అటు లైవ్‌లోనూ, ఇటు రాత్రి ఎపిసోడ్‌లోనూ చూసినప్పుడు ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది. గిన్నెలు కడిగే వంతు దగ్గర ఇద్దరు మహిళా కంటెస్టెంట్లకు మాట పట్టింపు వచ్చింది. లైవ్‌లో ఆ గొడవ చాలాసేపు సాగింది, కానీ అందులో సగానికి పైగా మౌనమే. ఒకామె గట్టు తుడుస్తూ ఉంటే రెండో ఆమె తలుపు దగ్గర నిలబడి ఏదో అనబోయి ఆగిపోవడమే ఎక్కువ. ఇంట్లో దీపాలు ఆర్పే వేళకు చిన్నామె పెద్దామె మంచం దగ్గరికి వెళ్లి, "పొద్దుటి నుంచి తలనొప్పిగా ఉందక్కా, నీ మీద అలా అరవకుండా ఉండాల్సింది" అంది. "సరేలే, పోయి పడుకో" అని ఆమె పక్కకు తిరిగింది, మళ్లీ ఇటు తిరిగి, మాత్ర వేసుకున్నావా అని అడిగింది. మరుసటి రోజు ఎపిసోడ్‌లో అరుపులన్నీ దగ్గరకు చేర్చి, మౌనాలన్నీ తీసేసి, కింద గంభీరమైన సంగీతం పెట్టారు. మధ్యలో మూడో కంటెస్టెంట్ కనుబొమలు ముడిచి చూస్తున్న షాట్ రెండుసార్లు వేశారు. ఆ సమయంలో అతను ఆ గదిలోనే లేడని లైవ్ చూసినవారందరికీ తెలుసు. రాత్రి మాటలు ఎపిసోడ్‌లో లేవు. వారం తిరిగేసరికి, ఎపిసోడ్ మాత్రమే చూసేవారి దృష్టిలో ఆ ఇద్దరూ బద్ధశత్రువులు.

ఎడిటర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వారి పని తేలికైనది కాదు. పదుల కెమెరాలు రోజంతా తీసినదాన్ని గంటలో ఇమడ్చాలంటే దాదాపు అంతా పారేయవలసిందే. ఈ తరహా కార్యక్రమాలకు ఆద్యంగా చాలామంది చెప్పే 'యాన్ అమెరికన్ ఫ్యామిలీ' 1973లో అమెరికాలోని ప్రజా టెలివిజన్ సంస్థ పీబీఎస్‌లో వచ్చినప్పుడు, ఒక కుటుంబంతో నెలల తరబడి గడిపి తీసిన సుమారు 300 గంటల చిత్రీకరణను 12 ఎపిసోడ్లకు కుదించారు. ప్రసారమయ్యాక ఆ కుటుంబం చేసిన ఫిర్యాదు, నేడు ప్రతి సీజన్ తర్వాత కంటెస్టెంట్ల ఇంటర్వ్యూలలో వినిపించే ఫిర్యాదూ ఒకటే: మా మంచి ఘడియలు వదిలేసి చెడ్డవి ఏరి చూపించారు. యాభై ఏళ్లు దాటినా ఆ మాట మారలేదంటే, లోపం ఏ ఒక్క ఎడిటర్ దురుద్దేశంలోనో లేదని అర్థం. గొడవకు సహజంగానే ఒక రూపం ఉంటుంది. గొంతులు పెరుగుతాయి, ముఖాలు కెమెరాల వైపు తిరుగుతాయి, మాటలు పొట్టిగా, స్పష్టంగా ఉంటాయి. రాజీ అలా ఉండదు. అది గుసగుసల్లో, మైకు దుప్పటి కిందికి పోయిన వేళ, సగం మాటలు మింగేస్తూ జరుగుతుంది, ఒక్కోసారి నాలుగు రోజుల మీద కొద్ది కొద్దిగా జరుగుతుంది. అలాంటిదాన్ని తెర మీద నిలబెట్టడం కష్టం. కష్టమైనది కాబట్టి వదిలేశారని ఒప్పుకుంటాను. వదిలేసిన సంగతి ప్రేక్షకుడికి తెలియనివ్వకపోవడాన్ని ఒప్పుకోలేను.

కోత ఒక్కటే కాదు, ఆట నియమాలు కూడా గొడవను బతికించేలా ఉంటాయి. 1999లో నెదర్లాండ్స్‌లో మొదలై, మన దగ్గరికి 2006లో హిందీలోనూ 2017లో తెలుగులోనూ 'బిగ్ బాస్'గా వచ్చిన 'బిగ్ బ్రదర్' నమూనానే తీసుకోండి. ఇంటి నుంచి ఎవరిని పంపాలో ప్రతిపాదించే నామినేషన్ వేళ ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరి పేరు చెప్పి, దానికి కారణం చూపాలి. అందరితోనూ రాజీపడ్డవారికి చెప్పడానికి కారణం మిగలదు. కారణం లేకుండా పేరు చెబితే ఎవరితోనూ తలపడకుండా 'సేఫ్ గేమ్' ఆడుతున్నారన్న నింద తప్పదు. అందువల్ల వారం కింద ముగిసిపోయిన మాటను మళ్లీ తవ్వి తీయడం వారికి అవసరమవుతుంది. వారాంతంలో హోస్ట్ వచ్చి, వీడియో వేసి చూపించి, "ఆ రోజు అలా ఎందుకన్నావు?" అని అడిగినప్పుడు, ఆ వీడియో కూడా ఎడిట్ చేసినదే అన్న సంగతి మనకు గుర్తుండదు. అక్కడ కంటెస్టెంట్ తన జ్ఞాపకాన్ని ముక్కలు కోసిన దృశ్యానికి ఎదురు నిలిపి సమాధానం చెప్పుకోవాలి. ఆ క్షణంలో తడబడినవారిని చూసి అబద్ధమాడుతున్నారనుకోవడం ఎంత సులభమో, అంత అన్యాయం కూడా.

చాలాకాలం చూడగా కొన్ని గుర్తులు పట్టుబడ్డాయి. కొత్తగా చూసేవారికి ఇవి ఉపయోగపడతాయి. కంటెస్టెంట్ ఒంటరిగా కూర్చుని కెమెరాతో మాట్లాడే భాగాలు చాలా షోలలో సంఘటన జరిగిన తర్వాత, ఒక్కోసారి ఎన్నో రోజుల తర్వాత తీసినవి; వర్తమానంలో మాట్లాడుతున్నట్టు అనిపించినా, అవి ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు, ప్రశ్నను మాత్రం తీసేస్తారు. ఒక వాక్యం మొదలైనప్పుడు మాట్లాడేవారి ముఖం కనిపించి, మధ్యలో తెర మీదికి వంటగదో తోటో వచ్చి, వాక్యం చివరి భాగం గొంతుగా మాత్రమే వినిపిస్తే, అక్కడ రెండు వేరువేరు సందర్భాల మాటలను అతికించి ఉండవచ్చునని అనుమానించడానికి ఆస్కారం ఉంది. గొంతు స్థాయి ఉన్నట్టుండి మారితే ఆ అనుమానం బలపడుతుంది. ఒకే సంభాషణలో ఒకరి జుట్టు ముడివేసి ఉండి, మరుక్షణం విరబోసి ఉంటే చెప్పనవసరం లేదు. ప్రోమోల సంగతి ఇక్కడ చర్చించను. వాటిని నమ్మి ఎపిసోడ్ చూసే అలవాటు ఎవరికైనా ఉంటే మానుకోవడం మంచిది.

కోత ఒక మనిషి మీద ఎలాంటి ముద్ర వేయగలదో చెప్పడానికి 2014లో బీబీసీలో వచ్చిన 'ది గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్' ఎపిసోడ్ కన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు. అది మర్యాదకు పేరున్న బేకింగ్ పోటీ. ఒక పెద్దావిడ తోటి పోటీదారుడి ఐస్‌క్రీమ్‌ను ఫ్రీజర్ నుంచి బయటపెట్టింది, అది కరిగిపోయింది, అతను కోపంతో తన వంటకాన్ని చెత్తబుట్టలో వేసి, ఆ వారం పోటీ నుంచి వెళ్లిపోయాడు. తెర మీద కనిపించిన వరస అది. వందల ఫిర్యాదులు వచ్చాయి, పత్రికలన్నీ ఆవిడను దోషిని చేశాయి. ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ బయట ఉన్నది నిమిషం కన్నా తక్కువేనని, అతను వెళ్లిపోవడానికి ఆవిడ కారణం కాదని ఆ తర్వాత బీబీసీ వివరణ ఇచ్చింది. ఆ ఒక్క వివరం ఎపిసోడ్‌లోనే ఉండి ఉంటే చాలు. కాలం అనేది ఎడిటింగ్‌లో అన్నిటికన్నా తేలికగా కనుమరుగయ్యే విషయం. నిమిషం లోపలి పని, గంటసేపు చేసిన పని, తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

దీనికి భిన్నంగా, ఎడిటింగ్ సూటిగా ఉండవలసి వచ్చిన సందర్భం పోటీదారులను దీవిలో వదిలేసే అమెరికన్ షో 'సర్వైవర్' 39వ సీజన్‌లో, 2019లో చూశాను. ఒక పోటీదారుడు తనను అనుమతి లేకుండా తాకుతున్నాడని ఒక యువతి కెమెరా ముందు చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నప్పుడు, మామూలుగా ఎన్నడూ వినిపించని నిర్మాత గొంతు కెమెరా వెనుక నుంచి వినిపించింది. ఆ తర్వాత నల్లటి తెర మీద అక్షరాలు వచ్చాయి: నిర్మాతలు పోటీదారులందరితో మాట్లాడారని, ఆ వ్యక్తిని హెచ్చరించారని. ఆట అలాగే సాగింది, ఫిర్యాదు చేసిన యువతే ముందుగా ఓటింగ్‌లో బయటకు వెళ్లింది. కొన్ని ఎపిసోడ్ల తర్వాత, కెమెరాకు అందని మరో సంఘటన కారణంగా అతన్ని పంపించివేశామని మళ్లీ అక్షరాల్లోనే చెప్పారు. నిర్వహణలో వారు చేసింది సరిపోలేదు. ఆ సంగతి చానెల్ కూడా అంగీకరించి, క్షమాపణ చెప్పి, తదుపరి సీజన్లకు నిబంధనలు మార్చింది. నేను ఇక్కడ పట్టించుకుంటున్నది ఆ అక్షరాలను. తెర మీద రెండు మూడు వాక్యాలు వేయడానికి ఖర్చు లేదు, సమయం పట్టదు, కథనం చెడదు. అంత తీవ్రమైన విషయానికి వాడిన పద్ధతిని మామూలు గొడవలకు ఎందుకు వాడరు? "ఈ ఇద్దరూ ఆ రాత్రే మాట్లాడుకున్నారు" అనో, "ఈ విషయంపై వీరు ఇప్పటికీ మాట్లాడుకోలేదు" అనో ఒక వాక్యం వేస్తే, పరిష్కారం కాని గొడవ కూడా నిజాయతీగల గొడవ అవుతుంది. నేను అడుగుతున్నది ప్రతి గొడవకూ కౌగిలింతలతో ముగింపు కాదు. జీవితంలో చాలా గొడవలు తెగవు, తెగలేదని చెబితే చాలు.

ఇది వినోదానికి సంబంధించిన చిన్న విషయం కాదని 2020లో జపాన్‌లో జరిగింది గుర్తు చేస్తుంది. 'టెర్రస్ హౌస్' అనే షోలో, ఉతికినప్పుడు దుస్తులు పాడైన విషయంపై ఒక యువ రెజ్లర్ తోటివాడిపై ఆగ్రహించి అతని టోపీని తలమీద నుంచి పడగొట్టింది. మార్చి చివర ఆ ఎపిసోడ్ స్ట్రీమింగ్‌లో రాగానే ఆమెపై సోషల్ మీడియాలో దూషణలు మొదలయ్యాయి. అయినా మే నెలలో ప్రసారం కాని దృశ్యాలను యూట్యూబ్‌లో పెట్టారు, అదే ఎపిసోడ్‌ను టెలివిజన్‌లోనూ వేశారు. కొద్దిరోజులకే ఆమె తన ప్రాణం తీసుకుంది. ఆమె వయసు 22. పాల్గొన్న వ్యక్తి పట్ల తీసుకోవలసిన శ్రద్ధ కొరవడిందని, ప్రసార నైతికత పరంగా అది లోపమని జపాన్ ప్రసార నైతిక సంస్థ 2021లో తేల్చింది. గొడవను ఒకసారి చూపించి వదిలేయడం వేరు, ముగియని గొడవను మళ్లీ మళ్లీ అమ్మకానికి పెట్టడం వేరు. దూషించినవారి బాధ్యతను నేను తగ్గించడం లేదు. వారి చేతికి ఆ దృశ్యాన్ని, ఆ సంగీతంతో, ఆ నిడివితో అందించింది ఎవరన్నది కూడా అడగాలి. షోలలో పాల్గొనేవారి క్షేమానికి ప్రసారకర్తలు తగిన శ్రద్ధ వహించాలని బ్రిటన్‌లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమలు చేస్తోంది. అలాంటివి అన్ని చోట్లా రావలసిన అవసరం ఉంది.

సీజన్ చివర వచ్చే రీయూనియన్ ఎపిసోడ్ ఈ లోటును తీరుస్తుందని నిర్మాతలు అనుకుంటారు. నా అనుభవంలో అది తీర్చదు. నెలల తర్వాత, ప్రేక్షకుల తీర్పు ఏమిటో తెలిసిన మనుషులు, అలంకరించుకుని కూర్చుని, హోస్ట్ అడిగినదానికి మాత్రమే జవాబిస్తారు. అందులో క్షమాపణలు ఉంటాయి, కానీ అవి ఎదుటి మనిషికి కాక ప్రేక్షకులకు చెప్పినట్టు ఉంటాయి. దీపాలు ఆర్పిన గదిలో మాత్ర వేసుకున్నావా అని అడిగిన మాటకు అది సాటి రాదు.

కాబట్టి, ఇకపై ఏది చూడాలో ఎంచుకునేవారికి నా సలహా ఇది. ప్రత్యక్ష ప్రసారం అందుబాటులో ఉన్న షో అయితే మొదటి రెండు వారాలు వీలైనంత లైవ్ చూసి, తర్వాత ఎపిసోడ్‌తో పోల్చండి. ఎడిటర్ పనితీరు ఆ రెండు వారాల్లోనే తెలిసిపోతుంది, ఆపైన ఎపిసోడ్లు మాత్రమే చూసినా దేన్ని ఎంతవరకు నమ్మాలో అంచనా వేసుకోగలుగుతారు. నైపుణ్యాల పోటీలు ఇప్పటికీ మిగతావాటికన్నా నమ్మదగినవే, ఎందుకంటే అక్కడ చివరికి ఒక పాటో వంటకమో మన కళ్ల ముందు ఉంటుంది, అయినా కాలం విషయంలో జాగ్రత్తగా చూడాలి. లైవ్ లేకుండా, తెర మీద ఒక్క వివరణ వాక్యం లేకుండా, సీజన్ అంతా గొడవలు పేర్చుకుంటూ పోయి సమాధానాలన్నీ రీయూనియన్‌కు దాచే షోలను మాత్రం నేను మొదలుపెట్టడం మానేశాను.