హోమా, కాలేజీయా: కౌన్సిలర్‌గా ఎక్కడ చేరితే మేలు?

ఈ ఏడాది ఇది ఆరోసారో ఏడోసారో. నెల్లూరు దగ్గర కాకుటూరులో ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) అయిపోయిన అమ్మాయి ఒకరు, తిరుపతిలో ఎమ్మే సైకాలజీ చేసి ఇంట్లో కూర్చున్న అబ్బాయి ఒకడు, ఒంగోలు నుంచి ఫోన్ చేసిన ఇంకొకరు. అందరి ప్రశ్నా ఒకటే. "అక్కా, జువెనైల్ హోంలో కౌన్సిలర్ పోస్టు పడింది. ఇంటర్ కాలేజీ వాళ్ళు కూడా రమ్మంటుండారు. దేంట్లో చేరమంటావు?" రెండుచోట్లా చేశాను కాబట్టి నన్నడుగుతారు. కాలేజీలో మూడేళ్ళు చేశా, హోంలో ఆరో ఏడు నడుస్తోంది. ఒక్కొక్కరికీ అరగంట ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నా.

కాలేజీ పోస్టులు ఇప్పుడే ఇన్ని ఎందుకు పడుతున్నాయో మీలో కొందరికి తెలుసు. విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చిన విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో అర్హత ఉన్నవాళ్ళు కనీసం ఒకరు ఉండాలంది. దాంతో మొన్నటిదాకా మన రెజ్యూమె చూసి "వేకెన్సీ లేదమ్మా" అన్నవాళ్ళే ఈరోజు ఫోన్లు చేస్తున్నారు. మంచిదే. పిలిచేది పిలకాయల కోసమా, ఇన్‌స్పెక్షన్‌లో చూపించడానికా అన్నది చేరాక తెలుస్తుంది.

జీతం సంగతి ముందే తేల్చేద్దాం. మీరంతా మొహమాటపడి చివర్లో అడుగుతారు. హోంలో మనది కేంద్రం పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద కాంట్రాక్టు. ఇరవై వేల చిల్లర. గ్రాంటు వస్తే జీతం, రాకపోతే లేదు. ఒకసారి నాలుగు నెలలు ఆగింది, ఆ నాలుగు నెలలూ నా స్కూటీ పెట్రోలు మా అమ్మ పెన్షన్‌తోనే. కాలేజీలో అంతకంటే మెరుగ్గా ఇస్తారు, ఒకటో తారీఖునే ఇస్తారు, మధ్యాహ్నం హాస్టల్లో భోజనం కూడా పెడతారు. కాకపోతే ఎండాకాలం వచ్చిందంటే మీరు కౌన్సిలర్ అన్న సంగతి వాళ్ళు మర్చిపోతారు. చేతిలో కరపత్రాలు పెట్టి అడ్మిషన్లకు పంపిస్తారు. రెండు వేసవులు వింజమూరు, ఉదయగిరి, కలిగిరి ఊళ్ళల్లో టెన్త్ రాసిన పిలకాయల ఇళ్ళ చుట్టూ తిరిగాను. ఏ గడపకి పోయినా వాళ్ళు మజ్జిగ ఇచ్చేవాళ్ళు, నేను ఫీజు రాయితీ చెప్పేదాన్ని.

భయం గురించి ఇంట్లోవాళ్ళు అడుగుతారు. "ఆ పిలకాయలు మీద పడితే ఏం చేస్తావే?" అని మా అత్త ఇప్పటికీ అంటుంది. ఇన్నేళ్ళలో నా గదిలో ఎగిరింది ఒకే ఒక్క క్యారమ్స్ స్ట్రైకరు. అది కూడా గోడకి తగిలింది. కాలేజీ హాస్టల్లో నైట్ డ్యూటీలు చేసినప్పుడు నేను పడ్డ భయం ఇక్కడెప్పుడూ పడలేదు.

నా లెక్కలో ఇవన్నీ చిన్న సంగతులు. నన్నడిగితే చూసుకోవలసింది ఒక్కటే. పిల్లవాడు మీకు చెప్పిన మాట అక్కణ్ణించి ఎక్కడికి పోతుంది?

కాలేజీలో నాకో పొడుగు రిజిస్టర్ ఇచ్చారు. వరస నంబరు, పేరు, సెక్షను, సమస్య, తీసుకున్న చర్య అని గళ్ళు కొట్టి ఉంటుంది. రోజూ సాయంత్రం ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టి సంతకం చేయించుకోవాలి. కనిగిరి వైపు నుంచి వచ్చిన ఎంపీసీ ఫస్టియర్ పిల్లవాడొకడు ఒకరోజు స్టడీ అవర్‌లో నా దగ్గరకొచ్చాడు. నిద్ర పట్టడం లేదన్నాడు. ముందురోజు రాత్రి వాటర్ ట్యాంక్ మీద చాలాసేపు కూర్చున్నానన్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఇద్దరికీ తెలుసు. గంటన్నర మాట్లాడుకున్నాం. వాళ్ళ నాన్నకి చెప్పక తప్పదని నేనే చెప్పాను, రేపు పొద్దున ఇద్దరం కలిసి ఫోన్ చేద్దామంటే సరేనన్నాడు. ఆ రాత్రి గదిలో తోడుండమని వాడి స్నేహితుడికి చెప్పి, వార్డెన్‌నీ అప్రమత్తం చేసి, నియమం ప్రకారం రిజిస్టర్‌లో రాశాను.

పొద్దున నేను వెళ్ళేసరికి వాళ్ళ నాన్న గేటు దగ్గర ట్రంకుపెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. రాత్రే ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి "మీవాడు ట్యాంక్ ఎక్కాడు, తీసుకుపోండి" అని చెప్పారంట. ఆ పెద్దాయన బస్సుల్లో రాత్రంతా కూర్చుని వచ్చాడు. పిల్లవాడు నా వైపు చూశాడు గానీ ఏమీ అనలేదు. వాళ్ళ నాన్నకి తెలియాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. తెలిసిన తీరే తప్పు. ఆ గళ్ళలో రాసిన చెయ్యి నాదే కాబట్టి అందులో నా వాటా నాకుంది. తర్వాత రెండు నెలలు నా గదికి ఎవరూ తమంతట తాము రాలేదు. మార్కులు తగ్గినవాళ్ళని లెక్చరర్లు పంపిస్తే వచ్చి, "ఏమీ లేదు మేడమ్" అని చెప్పి పోయేవాళ్ళు.

ఇక హోం. కేసుల్లో పడిన పద్దెనిమిదేళ్ళ లోపు పిలకాయల్ని విచారణ నడిచేటప్పుడు ఉంచే అబ్జర్వేషన్ హోం మాది. బయట బోర్డు చూసి జైలనుకుంటారు. ఊళ్ళో వాళ్ళు బాల నేరస్తుల జైలనే అంటారు. చట్టం ఆ మాట వాడనివ్వదు. నా దగ్గరికొచ్చినవాడొకడు, పదహారేళ్ళుంటాయి, రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాడు. బండ్ల దొంగతనం కేసు. (ఊరూ వయసూ మార్చే రాస్తున్నా. పిల్లవాడెవరో తెలిసేలా ప్రచురిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.) తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. నా గది ఒకప్పుడు పాత ట్రంకుపెట్టెలు పెట్టే స్టోరు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో క్యారమ్స్ బోర్డు. తలుపు సగం తీసి ఉంటుంది. గార్డుకి మేం కనిపిస్తాం గానీ మాట వినపడదు. ఆ దూరం కుదరడానికి స్టూలు ఎక్కడ వెయ్యాలో సూపరింటెండెంట్‌గారూ నేనూ కలిసి కొలిచి చూసుకున్నాం.

పదో రోజు బోర్డు మీద బోరిక్ పౌడరు చల్లుతూ తల ఎత్తకుండా అడిగాడు. "నేను చెప్పేది జడ్జిగారు సదువుతారా అక్కా?"

ఆరేళ్ళలో నేను విన్న అతి ముఖ్యమైన ప్రశ్న అదే. ఆ గదిలో అప్పుడు నేను చెప్పగలిగిన జవాబు కాలేజీలో చెప్పగలిగేదాన్ని కాదు. "మూడు విషయాలు మాత్రం నేను దాచలేను. నిన్ను నువ్వు ఏమన్నా చేసుకోవాలనుకుంటే, ఇంకొకరికి హాని చెయ్యాలనుకుంటే, నిన్నో ఇంకో పిల్లనో ఎవరన్నా పాడు చేసుంటే. ఈ మూడోది పోక్సో చట్టం నన్ను చెప్పమంటుంది. మిగిలింది నా నోటుబుక్కులో ఉంటుంది, బీరువా తాళం నా దగ్గరుంటుంది. జువెనైల్ జస్టిస్ బోర్డుకి, అంటే ఆ జడ్జిగారి దగ్గరికి, పోయే కాయితం వేరే. అది పోయేముందు నీకు చదివి వినిపిస్తా" అన్నాను. రెడ్డు వేశాడు. ఫాలో పడలేదు. రెడ్డు తీసి మళ్ళీ మధ్యలో పెట్టి, అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. ఏం చెప్పాడో మీకు నేను చెప్పను.

ఈ జవాబు ఇవ్వడానికి వెనక జువెనైల్ జస్టిస్ చట్టం ఉంది. బోర్డు ముందుకొచ్చే నివేదికలన్నీ గోప్యంగా ఉంచాలని 99వ సెక్షన్ అంటుంది. వాటి సారాంశాన్ని పిల్లవాడికో తల్లిదండ్రులకో తెలియజేసే వీలు బోర్డుకుంది. వాడికి శిక్ష పడినా ఆ కారణంగా రేపు ఉద్యోగానికి అనర్హుడు కాకూడదని, అప్పీలు గడువో, నియమాల్లో పెట్టిన గడువో తీరాక రికార్డులు నాశనం చెయ్యాలని 24వ సెక్షన్ అంటుంది. ఘోరమైన నేరాల్లో పెద్దవాడిలా విచారణ జరిగిన పదహారు దాటినవాళ్ళకి మాత్రం ఇది వర్తించదు. ఫారం 6, అంటే సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు, మనం రాసేది కాదు, ప్రొబేషన్ ఆఫీసర్‌ది. ఫారం 7లో వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికకి మన మాట అవసరమవుతుంది. దాంట్లో "రాత్రిపూట నిద్రకు ఇబ్బంది, మెకానిక్ పని మీద ఆసక్తి, తల్లి ఆదివారం వస్తే మాట్లాడుతున్నాడు" అని రాస్తే సరిపోతుంది. వాడు క్యారమ్స్ బోర్డు మీద రెడ్డు పెట్టి చెప్పిందంతా రాయనక్కర్లేదు. కాలేజీ పిల్లవాడికి ఇలాంటి గోడ నాకైతే కనబడలేదు. వాడి మాట మీద వాడికంటే ఫీజు కట్టినవాళ్ళకీ, ఫీజు తీసుకున్నవాళ్ళకీ ఎక్కువ హక్కు.

హోంలోనూ ఈ గోడకి ఒక కన్నం ఉంది, అది మీరు తెలుసుకుని చేరాలి. పదహారు దాటినవాడి మీద ఘోరమైన నేరం ఆరోపణ ఉంటే, అంటే చట్టంలో కనీస శిక్ష ఏడేళ్ళు, ఆపైన ఉన్నదైతే, వాణ్ణి పెద్దవాడిలా విచారించాలా అన్నది తేల్చడానికి 15వ సెక్షన్ కింద ప్రాథమిక మదింపు జరగాలి. నేరం చేసే శక్తి, దాని పర్యవసానం తెలిసే శక్తి వాడికున్నాయా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి చూస్తారు. మూడు నెలల్లో తేల్చాలి. ఇందులో పడేవాళ్ళంతా హత్యలు చేసినవాళ్ళని అనుకోకండి. పదహారేళ్ళ అమ్మాయితో కలిసి చెన్నై రైలెక్కిన పదిహేడేళ్ళ వాడు కూడా పోక్సో కేసుతో ఇందులోకే వస్తాడు. ఆ అమ్మాయి ఇష్టంతోనే వచ్చినా చట్టానికి లెక్కలేదు. మదింపుకు నిపుణుల సాయం తీసుకోవచ్చని చట్టం అంటే, బోర్డులో పిల్లల మనస్తత్వశాస్త్రం చదివినవాళ్ళు లేకపోతే తీసుకుని తీరాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు సులువుగా అందుబాటులో ఉండేది ఎవరు? మనమే. "మీకు వాడు బాగా తెలుసు కదా మేడమ్, మీరే రాసివ్వండి" అంటారు.

రాయకండి. బోరిక్ పౌడరు చల్లుతూ చెప్పిన మాటని తీసుకుపోయి, వీణ్ణి పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్న కాయితంలో పెడితే, మిగతా పదిహేనుమందికీ సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. నాకు రెండుసార్లు ఈ పరిస్థితి వచ్చింది. ఈ బాలుడికి నేను కౌన్సిలింగ్ ఇస్తున్నాను, మదింపు వేరే నిపుణులతో చేయించగలరు అని ఒక పేజీ రాసిచ్చాను. ఒకసారి పెద్దాసుపత్రి సైకియాట్రీకి పంపారు. రెండోసారి కొంచెం కోపగించుకున్నారు, తర్వాత పంపారు.

హోం పనిలో నన్ను నిజంగా విసిగించేది వేరే. అబ్జర్వేషన్ హోంలో పిల్లవాడు విచారణ నడుస్తున్నంతకాలమే ఉంటాడు. పిల్లలకి బెయిలివ్వడమే నియమం, కాదనడానికి కారణం రాయాలి. అలా ఉండాల్సిందే. కానీ మన పనికొచ్చేసరికి సూదిలో దారం ఎక్కించేలోపే గుడ్డ పట్టుకుపోయినట్టుంటుంది. సోమవారం మాట్లాడటం మొదలుపెట్టినవాడు బుధవారం కావలి బస్సులో ఉంటాడు. వెనకాల పోవడానికి మనకి డ్యూటీ ఉండదు, టీఏ అంతకన్నా ఉండదు. పోయే ప్రతివాడి జేబులో 1098 (పిల్లల హెల్ప్‌లైన్), 14416 (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) రాసిన చీటీ పెడతాను. ఆరేళ్ళలో నాకు తెలిసి వాటిని వాడినవాళ్ళు ముగ్గురు. స్పెషల్ హోం అయితే మూడేళ్ళ దాకా ఉంచొచ్చు, అక్కడ పోస్టు దొరికితే ఈ బాధ తక్కువ. కాలేజీలో పిల్లవాడు రెండేళ్ళు మీ కళ్ళముందే ఉంటాడు. ఆ ఒక్క విషయంలో కాలేజీది నిస్సందేహంగా పైచెయ్యి.

మిగతావి కూడా అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌లో కౌన్సిలర్ అంటే జీపులో తిరుగుడు. బాల్యవివాహాలు, బడి మానేసిన పిల్లలు, స్పాన్సర్‌షిప్ ఫైళ్ళు. ఊళ్ళు తిరగడం ఇష్టమైతే పోండి. నెల్లూరు పొగతోటలో సొంత క్లినిక్ పెట్టుకోవాలంటే ముందు రెండేళ్ళ అద్దె చేతిలో పెట్టుకోండి. భారత పునరావాస మండలి (ఆర్సీఐ) రిజిస్ట్రేషన్ లేకుండా బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్ట్ అని మాత్రం రాయించకండి. ఆసుపత్రి కిశోర ఆరోగ్య కేంద్రాలు మంచివే, పోస్టు పడాలిగా.

నా మొగ్గు ఎటో ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా ఇంటికి మీరే ఆధారమైతే, అప్పులుంటే, కాలేజీలో చేరండి. అందులో తప్పేం లేదు, ఆ పిలకాయలకీ ఎవరో ఒకరు కావాలి. ఇంటర్వ్యూలో మాత్రం జీతంతో పాటు ఇంకోటి అడగండి. నేను రాసుకునే పుస్తకం ఎక్కడ ఉంటుంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని.

కాకుటూరు అమ్మాయి పోయిన వారం ఇదే అడిగిందంట. అవతలాయన కాసేపు అర్థంకానట్టు చూసి, "రిజిస్టరా? అది ఆఫీసులో ఏఓ గారి దగ్గరుంటుందమ్మా, మీకెందుకు ఆ భారం" అన్నాడంట. నాకు ఫోన్ చేసి నవ్వింది. ఒకటో తారీఖున అక్కడే చేరుతోంది. వాళ్ళ తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు కట్టాలి. సొంత నోటుబుక్కు ఒకటి కొనుక్కోమని, బ్యాగులోనే పెట్టుకోమని, రిజిస్టర్‌లో ఎంత తక్కువ రాయొచ్చో ఆదివారం ఇంటికొస్తే కూర్చుని చూద్దామని చెప్పాను.

నా కాంట్రాక్టు రెన్యువల్ వచ్చే నెల. సంతకం పెడుతున్నా. రెండు నెలల జీతం ఇంకా రావాలి.