ఖాళీ వదిలితే అన్నీ వస్తాయన్నారు, 19 లోడ్లు మాయం: రిపోర్ట్ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళు జాగ్రత్త

మామిడి ర్యాంపు (రైతుల కాయలు తూకం వేసి ఫ్యాక్టరీలకు పంపే చోటు) గానీ, మండీ గానీ, లాడ్జీ గానీ నడుపుతూ లెక్కలకు సాఫ్ట్‌వేర్ కొందామనుకునేవాళ్ళు అడ్వాన్స్ ఇవ్వకముందే ఇది చదవండి.

నాది చిత్తూరు పక్కన చిన్న ర్యాంపు. తిరుపతిలో ఒకాయన దగ్గర 38,000కు బేరం కుదుర్చుకుని, 25,000 ముందే కట్టాను. పేరు అడగొద్దు, రాయను. డెమో మాత్రం భలే చూపించాడు. స్క్రీన్ మీద ఐదు గడులు: రైతు, కాయ రకం, ఫ్యాక్టరీ, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు. "కావాల్సింది ఎంచుకోండి సార్, అక్కర్లేనిది ఖాళీగా వదిలేయండి, అన్నీ వచ్చేస్తాయి" అన్నాడు. వచ్చాయి కూడా. వాళ్ళు వేసుకొచ్చిన నలభై ఎంట్రీల్లో ఒక్క గడి కూడా ఖాళీ లేదన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

2025 సీజన్ ఎట్ల నడిచిందో మన జిల్లాలో అందరికీ తెలుసు. తోతాపురికి ధర లేదు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలపాలి అన్నారు. దాంతో ప్రతి రైతూ తన కాటా చీటీని బంగారంలా దాచుకున్నాడు. మా కాటా మీద తూకం వేసేటప్పటికి ఆ లోడు ఏ ఫ్యాక్టరీ దించుకుంటుందో మాకే తెలియదు. అందుకని ఫ్యాక్టరీ గడి ఖాళీగా వదిలి, దించాక పేరు వేద్దామనుకునేవాళ్ళం. కొన్నిటికి వేశాం, కొన్ని అట్లే ఉండిపోయాయి.

జూలై మొదట్లో ఒక రైతు వచ్చి రిపోర్ట్ చూసి, "ఏమన్నా, మూడు లోడ్లు తోలితే రెండే చూపిస్తా ఉండావే?" అన్నాడు. చేతిలో మూడు చీటీలూ ఉన్నాయి. నలుగురి ముందు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి చీటీల కట్ట విప్పి కూర్చున్నాను. జూన్ నెలకు చీటీలు 231. ఫ్యాక్టరీ గడి ఏమీ ఎంచుకోకుండా, జూన్ 1 నుంచి 30 వరకు అని ఇచ్చి తీసిన రిపోర్ట్‌లో 212.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా అక్క కొడుకు ఆదివారం వచ్చి గుట్టు విప్పాడు. లేని 19లో 13 ఫ్యాక్టరీ పేరు లేనివి. గడి మనం ఖాళీగా వదిలితే, వెనకాల ఇది నక్షత్రం గుర్తు పెట్టి "ఏ పేరైనా సరే" అని వెతుకుతుందట. ఏ పేరైనా సరే అన్నా ఏదో ఒక పేరు ఉండాలి కదా, అసలు పేరే లేని లోడు దానికి కనబడదు. ఆ లేకపోవడాన్ని నల్ అంటారట. అది సున్నా కాదు, దేనితో పోల్చి చూసినా అవునని జవాబు రాదు. మాది డేటా దాచుకునే ప్రోగ్రాం మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో కట్టింది, కానీ తప్పు యాక్సెస్‌ది కాదు, రాసినవాడిది. వాడేవాడు గడి ముట్టుకోకపోతే సాఫ్ట్‌వేర్ డేటాను అడిగే ప్రశ్నలోంచి (క్వెరీ) ఆ షరతునే ఎత్తేయాలి, నక్షత్రం పెట్టి చేతులు దులుపుకోకూడదు.

మిగతా 6 ఆఖరి రోజువి. ఎంట్రీతో పాటు టైం కూడా ఎక్కుతుంది. "30 వరకు" అంటే దీని లెక్కలో 30వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి వరకే. పొద్దున పదింటికి తూకం వేసిన లోడు దానికి మించిపోయింది. జూలై 1 కంటే ముందువన్నీ అని అడిగి ఉంటే సరిపోయేది.

ఇంకోటి కూడా దొరికింది. ఒక రైతును ఎంచుకుని, రకాల్లో తోతాపురి, నీలం రెండూ టిక్ చేస్తే, ఊరందరి నీలం కాయలూ ఆయన ఖాతాలో కనబడ్డాయి! "ఈ రైతు అండ్ (తోతాపురి ఆర్ నీలం)" అని అడగాల్సిన చోట బ్రాకెట్ మరిచారన్నమాట. అది లేకపోతే "ఈ రైతు తోతాపురి, లేదా ఎవరిదైనా నీలం" అని అర్థమవుతుంది.

ఫోన్ చేస్తే "మీ గుమస్తా ఎంట్రీ సరిగా వేయలేదు సార్" అన్నాడు. సరిచేయడానికి మళ్ళీ 8,000 అడిగాడు. అన్నీ నింపి తీరాల్సిందే అయితే, ఖాళీగా వదలండని ఎందుకు అమ్మినట్టు?

మీరు కొనేటప్పుడు వాళ్ళ ఎంట్రీలు చూడొద్దు. మీ చీటీలు ఒక ఇరవై పట్టుకెళ్ళి, మూడు నాలుగింటిలో కావాలనే ఏదో ఒక గడి వదిలేసి వేయించండి. వాటిలో రెండు చీటీలు నెల ఆఖరి రోజు సాయంత్రానివి అయి ఉండాలి. ఏమీ ఎంచుకోకుండా రిపోర్ట్ తీసి ఇరవై వచ్చాయా లెక్కపెట్టండి. తర్వాత ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకి విడిగా తీసి కిలోలు కూడండి. మొత్తంతో కలవకపోతే, ఆ పేరు లేనివి ఎక్కడ చూపిస్తారో అక్కడే అడగండి. "పేరు లేనివి" అని ఎంచుకునే వీలు డ్రాప్‌డౌన్‌లో ఉంటే మరీ మంచిది. ఎంచుకున్న షరతులు రిపోర్ట్ పైన అచ్చయ్యేట్టు కూడా పెట్టించుకోండి. నెల తర్వాత ఆ కాగితం దేనికి తీశామో మనకే గుర్తుండదు.

తిరుపతి బస్టాండ్ దగ్గర లాడ్జీ నడిపే నా స్నేహితుడికీ ఆయనే అమ్మాడు. ఇది విని చూసుకుంటే, బండి నంబర్ రాయని గదులు ఒక్కటీ రిపోర్ట్‌లో లేవట. కొండకు బస్సులో వచ్చేవాళ్ళకు బండి నంబర్ ఎక్కడిది? నేనింకా 13,000 బాకీ ఇవ్వాలి. సరిచేసి, నా 231 చీటీలూ చూపించేదాకా ఇవ్వనని చెప్పేశాను.