రీఫండ్ వస్తే ఎంత ఇస్తారు అని అడిగే ట్యాక్స్ ఆఫీసు, బ్రాడీపేట, గుంటూరు (5కి 4 స్టార్లు)

పేరు రాయట్లేదు, ముందే చెప్తున్నా. రాస్తానంటే ఆ ఆఫీసు నడిపే ఆయనే వద్దన్నారు, "జులైలో ఇప్పటికే మెట్ల మీద కూర్చోబెడుతున్నా జనాన్ని, నువ్వింకా తోలకు" అని. బ్రాడీపేటలో లైన్లూ అడ్డరోడ్లూ నంబర్లతోనే ఉంటాయి కదా, నంబరు చెప్తే పేరు చెప్పినట్టే, కాబట్టి అదీ చెప్పను. కింద జిరాక్స్ షాపు, పైన ఒక గది, రెండు కంప్యూటర్లు, తిరిగే ఫ్యాన్ ఒకటి, తిరగని ఫ్యాన్ ఒకటి. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తారు. జీతం మనిషికి ఒక ఇంటి లోన్ ఉంటే 800 తీసుకున్నారు.

ఇక్కడికి ఎట్టా వచ్చానో చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ ఎందుకు రాస్తున్నానో అర్థం కాదు. అంతకు ముందు మేం విజయవాడలో ఉండేవాళ్ళం, ఆఫీసులో అందరూ వేయించుకుంటున్నారని నేనూ ఒకాయన దగ్గరికి వెళ్ళా. 2023 జులై అది. ఆఫీసువాళ్ళిచ్చే జీతం, పన్ను లెక్కల కాగితం, అదే ఫారం 16, ఇచ్చా, పది నిమిషాల్లో "మీకు పదివేల పైన రీఫండ్ వస్తది సార్, నాకు 1500 ఇవ్వండి" అన్నాడు. నాకు రావాల్సింది ఏమీ లేదని నాకు తెలుసు, అయినా వస్తదంటే ఎవడొద్దంటాడు, నోరు మూసుకుని ఇచ్చేశా. తప్పు నాది కూడా. డబ్బులు వచ్చాయి, పిల్లకి సైకిల్ కొన్నా. ఆ తర్వాత 2025 మొదట్లో డిపార్ట్‌మెంట్ నుంచి మెసేజ్, మీరు 80జీజీసీ కింద చూపించిన విరాళం సరిచూసుకోండి అని. 80జీజీసీ అంటే ఏందో కూడా నాకు తెలీదు. చూస్తే నేను ఏదో రాజకీయ పార్టీకి 50 వేలు విరాళం ఇచ్చానంట! నా జన్మలో పార్టీ మీటింగుకి వెళ్ళింది బిరియానీ ప్యాకెట్ కోసం ఒక్కసారి, అదీ ఇంజనీరింగ్‌లో.

అప్పటికి మేం గుంటూరు వచ్చేశాం, 2024 రిటర్ను ఈ బ్రాడీపేట ఆయనే వేశారు, కాబట్టి ఈ మెసేజ్ కూడా పట్టుకుని ఆయన దగ్గరికే పరిగెత్తా. తిట్టలేదు. పాత తప్పు సరిచేస్తూ అప్‌డేటెడ్ రిటర్ను వెయ్యాలి, మార్చి 31 లోపు వేస్తే అదనపు పన్ను 25 శాతం, దాటితే 50 అని చెప్పి ఆ వారంలోనే వేసేశారు. అసలు, వడ్డీ, ఆ పాతిక శాతం కలిపి 16 వేల పైనే కట్టా. సైకిల్ ఖరీదు అనుకున్నా. 2025 జులైలో దేశం మొత్తం మీద 150 చోట్ల ఇలాంటి దొంగ మినహాయింపులు పెట్టించేవాళ్ళ మీద సోదాలు జరిగాయని పేపర్లో వచ్చినప్పుడు, అంతకు ముందు 4 నెలల్లోనే 40 వేల మంది 1,045 కోట్ల క్లెయిములు వెనక్కి తీసుకున్నారని చదివినప్పుడు, అబ్బ నేనొక్కణ్ణే కాదు అని కొంచెం ఊపిరి పీల్చుకున్నా, అది వేరే విషయం.

ఇప్పుడు అసలు సంగతి. ఈయన దగ్గర రిటర్ను వెయ్యాలంటే ముందు ఒక కాగితం నింపాలి. ఎ4లో సగం, రెండువైపులా జిరాక్స్. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, లోన్ వడ్డీ, ఎల్ఐసీ, సేవింగ్స్ వడ్డీ (ఇది అందరం ఎగ్గొడతాం, ఆయన పెన్నుతో రెండు గీతలు కొట్టి అడుగుతారు), అన్నీ అయ్యాక అడుగున ఒక లైను. "రీఫండ్ వస్తే అందులోంచి పిల్లల పౌర క్లబ్బుకి ఎంత ఇవ్వాలనుకుంటున్నారు? ఏమీ ఇవ్వకపోతే సున్నా రాయండి." పక్కన చిన్న డబ్బా.

మొదటిసారి ఆ లైను చూసి నాకు ఒళ్ళు మండింది, విజయవాడ అనుభవం అప్పటికి బయటపడకపోయినా విరాళం అనే మాట ట్యాక్స్ ఆఫీసులో కనపడితే మనకెవరికైనా అనుమానమే కదా. "ఇదేంది సార్" అన్నా. ఆయన తాపీగా, "నాకివ్వక్కర్లేదు, నేను తీసుకోను. రీఫండ్ నీ ఖాతాలో పడ్డాక, నీకు బుద్ధి పుడితే, ఈ క్యూఆర్‌కి కొట్టు. పుట్టకపోతే మానెయ్. నేను గుర్తు కూడా చెయ్యను" అన్నారు. అన్నట్టే చెయ్యలేదు కూడా. క్యూఆర్ ఆ క్లబ్బు వెనకున్న చిన్న ట్రస్టుది, ఒక రిటైర్డ్ సివిక్స్ లెక్చరర్ గారు నడుపుతారు, 80జీ (విరాళమిస్తే పన్నులో మినహాయింపు వచ్చే సెక్షను) రిజిస్ట్రేషన్ కాపీ గోడకి అంటించి ఉంది.

ఈ ఐడియా ఎక్కడిదని అడిగితే ఆయన కూతురు కాలిఫోర్నియాలో ఉంటదంట. అక్కడ రాష్ట్రం ట్యాక్స్ రిటర్ను, ఫారం 540 అంటారు, అందులోనే ఒక పేజీలో స్వచ్ఛంద విరాళాల లిస్టు ఉంటది. సీ ఆటర్లకి (సముద్రంలో ఉండే ఒక జంతువు), ఆల్జీమర్స్‌కి, పార్కులకి, ఇట్టా వరసగా, పక్కన నువ్వు డాలర్లు రాస్తే రీఫండ్‌లోంచి అంత తగ్గిద్ది, లేదా కట్టాల్సిన దానికి అంత కలుస్తది. మా బావమరిది ఫ్రీమాంట్‌లోనే ఉంటాడు, ఫోన్ చేసి అడిగితే "అవును బావా, నేనెప్పుడూ చూడకుండా నెక్స్ట్ కొడతా" అన్నాడు. వాడు అంతే. పైగా అక్కడ కేంద్రం ఫారంలో ప్రెసిడెంట్ ఎన్నికల ఫండ్‌కి 3 డాలర్ల టిక్కు ఒకటి ఉంటదంటూ రెండూ కలిపేశాడు. అది వేరే, దానికి టిక్కు పెడితే నీ పన్ను పెరగదు, రీఫండ్ తగ్గదు, ప్రభుత్వమే తన ఖజానాలోంచి పక్కకి తీస్తది. ఇది మన జేబులోది.

ఆ రాష్ట్రం లిస్టులో ఒకప్పుడు వైఎంసీఏ యూత్ అండ్ గవర్నమెంట్ ఫండ్ ఉండేదంట, యూత్ లీడర్‌షిప్ ఫండ్ అని ఇంకోటి. ఆ వైఎంసీఏ ప్రోగ్రాం 1936లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైంది, హైస్కూలు పిల్లలే బిల్లులు రాసి, అసెంబ్లీ హాల్లో కూర్చుని వాదించుకుని, ఓటు వేసుకుంటారు. ఆ రెండు ఫండ్లూ ఇప్పటి ఫారంలో లేవు. అక్కడ రూల్ ఏందంటే ఏడాదికి ఇంత కనీసం రావాలి, మామూలుగా రెండున్నర లక్షల డాలర్లు, రాకపోతే లిస్టులోంచి తీసేస్తారు. సీ ఆటర్ మాత్రం ఏళ్ళ తరబడి నిలబడింది. ముద్దొచ్చే జంతువుకి ఇచ్చినంత తేలిగ్గా బిల్లు రాసే పదహారేళ్ళ పిల్లోడికి ఎవరూ ఇవ్వరు, నేనైనా అంతే అనుకుంటా.

మన ఐటీఆర్‌లో కూడా విరాళాలకి పెద్ద పట్టికే ఉంది, షెడ్యూల్ 80జీ. కానీ అది ఇచ్చారా అని అడుగుద్ది, ఇస్తారా అని అడగదు. ఎవరికి ఇచ్చావు, వాళ్ళ పాన్ ఎంత, నగదా బ్యాంకా (నగదైతే 2,000 దాటితే లెక్కలోకి రాదు), రిఫరెన్సు నంబరు ఎంత. అన్నీ మార్చి 31 లోపు అయిపోయిన సంగతులు. జులైలో రీఫండ్ కనపడి చెయ్యి కాస్త వదులైనప్పుడు అడిగేవాడు లేడు. అడగాల్సిన చోట అడగడం అనే ఒక్క పని ఈయన ఆ సగం కాగితంతో చేస్తున్నారు, నాకు ఈ ఆఫీసులో నచ్చిందల్లా అదే.

నేను 2024లో డబ్బాలో 2,000 అని రాశా. రీఫండ్ ఆగస్టులో పడింది, ఆ రాత్రే కొట్టేశా, లేకపోతే ఇచ్చేవాణ్ణి కాదు, నా సంగతి నాకు తెలుసు. దీని మీద పన్ను మిగిలింది ఎంతో చెప్తా నవ్వకండి. ట్రస్టు కాబట్టి సగమే లెక్క, అంటే 1,000, నా స్లాబు 20 శాతం, సెస్సు కలిపితే 208 రూపాయలు. అది కూడా ఇంటి లోన్ వల్ల మినహాయింపులుండే పాత పన్ను పద్ధతిలో ఉన్నాను కాబట్టి, కొత్త పద్ధతిలో 80జీ అసలు లేదు. అదే సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు సీఎం రిలీఫ్ ఫండ్‌కి ఇచ్చింది మాత్రం నూటికి నూరు లెక్కలోకి వచ్చింది. సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్ళిల్లు మొదటి అంతస్తు మెట్ల దాకా నీళ్ళు, అప్పుడు ఎవరూ పన్ను లెక్క చూసి ఇవ్వలేదులెండి.

ఇప్పుడు ఆ 2,000 ఏమైందో. ఆఫీసులో టేబుల్ చివర ఒక పొడుగు రిజిస్టరు ఉంటది, నల్ల అట్ట, దారంతో పెన్ను కట్టి. ఎవరైనా తిప్పి చూడొచ్చు. పిల్లల చేతిరాత. "జిరాక్స్ 340. ఆర్టీఐ కోర్టు ఫీ స్టాంపులు 6 x 10 = 60. రిజిస్టర్డ్ పోస్టు. ఆటో, కలెక్టరేట్, రానూ పోనూ. మజ్జిగ 8 మందికి." మజ్జిగ కొట్టేసి పక్కన ఇంకెవరో "ఇది సొంతం" అని రాశారు, అంటే క్లబ్బు డబ్బుతో తాగకూడదని గొడవ పడ్డారన్నమాట. నాకు ఆ కొట్టివేత చూశాకే నమ్మకం కుదిరింది.

క్లబ్బులో ఇంటర్, డిగ్రీ పిల్లలు పాతిక మంది దాకా. 17 నిండినవాళ్ళతో ముందస్తుగా ఓటరు నమోదుకి ఫారం 6 పెట్టిస్తారు. ఓటుకి ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు ఉన్నాయి, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తారీఖులు, ఇది మా ఆవిడకీ నాకూ కూడా ఆ పిల్లలు చెప్తేనే తెలిసింది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, రాయడం రానోళ్ళకి అక్కడ కూర్చుని రాసిపెడతారు. ఇంకా ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తులు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండలానికి 5, ఆ పైన 10, జవాబుకి 30 రోజులు, ఈ పాఠం నేను కాలేజీలో చదవలేదు, జిరాక్స్ షాపు మెట్ల మీద ఒక ఇంటర్ అమ్మాయి దగ్గర నేర్చుకున్నా. "అంకుల్, కాలవ మీద బండలు ఎందుకు వెయ్యలేదు అని అడక్కండి, ఎస్టిమేట్ కాపీ ఇవ్వండి అని అడగండి. ఎందుకు అంటే జవాబివ్వరు, కాగితం అంటే ఇవ్వాలి" అంది. ముప్పైఎనిమిదేళ్ళొచ్చాయి నాకు, ఇంత తెలివైన మాట ఆఫీసులో ఎవరూ చెప్పలేదు.

2025 నవంబరు 26న అమరావతిలో విద్యార్థుల మాక్ అసెంబ్లీ జరిగింది, 175 నియోజకవర్గాలకి 175 మంది. ఆ రోజు సాయంత్రం నేను ఒక కాగితం కోసం వెళ్తే వీళ్ళందరూ ఫోన్లో అది పెట్టుకుని చూస్తున్నారు, వీళ్ళలో ఎవరూ ఎంపిక కాలేదు, కాస్త కుళ్ళు, కాస్త గోల, "వాడు సవరణ అన్నాడు, ప్రశ్న అనాలి" అని తప్పులు పడుతున్నారు. ఆఫీసు పెద్దాయన తిరగని ఫ్యాన్ కింద కూర్చుని వింటున్నారు, ముఖంలో ఏమీ లేదు గానీ టీ మాత్రం అందరికీ తెప్పించారు, సొంత డబ్బు.

తగ్గించిన ఒక స్టారు దేనికంటే. జులై 20 దాటాక ఫోన్ ఎత్తరు, ఎత్తినా "లైన్లో ఉన్నారు" అనే అబ్బాయే ఎత్తుతాడు. 2025లో గడువు సెప్టెంబరు దాకా పెంచారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా రిటర్ను ఆఖరి రోజే. ట్రస్టు నుంచి రావాల్సిన విరాళం సర్టిఫికెట్, ఫారం 10బీఈ, మే 31కి రావాలి, నాకు జూన్ రెండో వారంలో వచ్చింది, అది లేకుండా 80జీ పట్టికలో నంబరు పెట్టలేం. 208 రూపాయలే కదా అని వదిలెయ్యొచ్చు, కానీ నమ్మకం మీద అడిగేవాళ్ళు కాగితం టైముకి ఇవ్వాలి, ముఖ్యంగా నాలాంటి దెబ్బతిన్నోడికి. ఈ మాట మొహం మీదే చెప్పా, లెక్చరర్ గారు ఫోన్ చేసి సారీ చెప్పారు, అంత పెద్దాయన చెప్తే నాకే ఇబ్బందైంది. ఇంకోటి, డబ్బాలో సున్నా రాసినవాళ్ళ కాగితం, రాయనివాళ్ళ కాగితం అన్నీ ఒకే ఫైల్లో అందరికీ కనపడేట్టు పడేస్తారు. అది మూసిపెట్టండి సార్, ఎవరు ఎంత రాశారో పక్కవాడికి ఎందుకు.

2025 ఏప్రిల్ నుంచి వచ్చే ఆదాయానికి 12 లక్షల దాకా కొత్త పద్ధతిలో పన్నే లేదు కాబట్టి నేనూ అటే దూకుతానేమో, అప్పుడు ఆ 208 కూడా రాదు. జీతంలో టీడీఎస్ పట్టుకోకపోతే రీఫండే ఉండదు, మరి ఆ లైను ఏం చేస్తారు అని అడిగా. "రీఫండ్ వస్తే అన్న ముక్క కొట్టేస్తా, మిగతాది అట్టాగే ఉంటది" అన్నారు. ఈసారి 1,500 రాశా, చూద్దాం.

వెళ్ళేవాళ్ళు జూన్‌లోనే వెళ్ళండి, ఫారం 16తో పాటు లోన్ వడ్డీ సర్టిఫికెట్ మర్చిపోవద్దు, సేవింగ్స్ వడ్డీ దాచొద్దు, ఎట్టాగూ డిపార్ట్‌మెంట్ దగ్గరుండే మన లెక్కల పట్టిక ఏఐఎస్‌లో కనపడిద్ది. బండి ఎడమ పక్క పెట్టండి. కుడి పక్క కాలవ మీద రెండు బండలు పగిలి ఉండేవి, పిల్లలు ఎస్టిమేట్ కాపీ తెప్పించాక ఒకటి వేశారు, రెండోదానికి మళ్ళీ కాగితం పెట్టారు, 30 రోజులు ఇంకా కాలేదు.