హంపీ: రథం దగ్గర కాసేపు, కాలువల దగ్గర చాలాసేపు

హంపీ చూడబోయే తెలుగువాళ్లలో ఎక్కువమంది హోస్పేటలో గది తీసుకుంటారు. రైలు దిగేది అక్కడే, హోటళ్లు ఎక్కువగా ఉన్నదీ అక్కడే కాబట్టి అది సహజం. అయితే హోస్పేట నుంచి హంపీకి 13 కిలోమీటర్లు, కమలాపురం నుంచి 4. ఎండ ముదరకముందే రాళ్ల మధ్య ఉండాలనుకునేవాళ్లకు కమలాపురమే మేలని నా అభిప్రాయం. కర్ణాటక పర్యాటక సంస్థ వారి మయూర భువనేశ్వరి హోటల్ కూడా ఆ ఊళ్లోనే ఉంది. మేం మాత్రం ఒక కుటుంబం ఇంటిపైన నడుపుతున్న చిన్న బసలో దిగాం. ఫోటోల్లో కిటికీ బయట అరటితోట కనిపించింది. తలుపు తీసి చూస్తే లారీలు నిలిపే స్థలం! వేడినీళ్లు పొద్దున ఒక గంటే. అయినా గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవి వేశారు, ఇంటావిడ బళ్లారి వైపు తెలుగులో ఆప్యాయంగా మాట్లాడి జొన్నరొట్టె, గుత్తివంకాయ కూర పెట్టింది. లారీల సంగతి ఆ కూరతో మరిచిపోయాం.

మాతో మామయ్యగారు కూడా వచ్చారు. ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మోకాళ్లు నొప్పి, ఎండ పడదు, గుళ్లలో శిల్పం కంటే గుడి కోనేటికి నీళ్లు ఎటునుంచి వస్తున్నాయన్నదే ముఖ్యం. మా యాత్ర దారి తప్పిందన్నా, దారిలో పడిందన్నా కారణం ఆయనే.

అందరూ ముందు చూసేది విఠలాలయంలోని రాతి రథం. యాభై రూపాయల నోటు మీద ఉన్నది అదే. వాహనాలను కిలోమీటరు దూరంలోనే ఆపేసి, అక్కడి నుంచి బ్యాటరీ బండ్లలో తీసుకెళ్తారు. పెద్దవాళ్లకు ఈ ఏర్పాటు వరం. సెలవురోజున వరుస మాత్రం పెళ్లి భోజనాల బంతిలా ఉంటుంది. రథం నిజానికి గరుత్మంతుడి గుడి. ముందున్న ఏనుగులు మొదట అక్కడివి కావు. వాటి వెనక్కి వెళ్లి చూడండి, పాత గుర్రాల వెనక కాళ్లు, తోకలు ఇంకా కనిపిస్తాయి. సంగీత స్తంభాలను తట్టనివ్వరు. అదే మంచిది, లక్షల వేళ్లు తట్టితే ఏ రాయి మాత్రం నిలుస్తుంది? గుంపులో రథంతో ఫోటో కోసం తోసుకోవడం నాకు విసుగనిపించింది. ఓపిక ఉన్నవాళ్లు బండి మానేసి, హంపీ బజారు నుంచి నది ఒడ్డునే విఠలాలయం దాకా నడవండి. దారిలో కోదండరామాలయం, రాజు తులాభారం తూగేవాడని చెప్పే రాతి తోరణం వస్తాయి. ఆ నడకే నాకు గుడికంటే ఎక్కువ నచ్చింది.

మేం మాట్లాడుకున్న గైడు చురుకైనవాడే. తెలుగువాళ్లమని తెలియగానే తెనాలి రామకృష్ణుడి కథలు ఎత్తుకున్నాడు. రెండు కథలయ్యాక మామయ్యగారు ఆపారు. “బాబూ, అవి మేం చిన్నప్పటి నుంచీ వింటున్నవే. ఈ కాలువ వాలు ఎటు?” అని అడిగారు. గైడు తడబడ్డాడు. ఆ తర్వాత మాకు చెప్పే పని మామయ్యగారే తీసుకున్నారు. గైడు కూడా మర్యాదగా విన్నాడు.

అది రాజప్రాసాదాల ఆవరణ. మహానవమి దిబ్బ ఎక్కి చూస్తే చుట్టూ ఉన్నవన్నీ పునాదులే. చెక్కతో కట్టిన మేడలేవీ మిగల్లేదు, 1565లో విజయనగర రాజులు యుద్ధం ఓడిన తర్వాత నగరం దోపిడీకి గురైంది. కానీ నీళ్ల పనులు రాతివి కాబట్టి చాలావరకు నిలిచాయి. వరుసగా నిలబెట్టిన రాతి కంబాల మీద తొట్టెల్లా తొలిచిన రాళ్లు పేర్చి, కాలువను గాలిలోనే నడిపించారు. కమలాపురం చెరువు నీళ్లు ఇలా ఈ ఆవరణకు చేరేవి. మామయ్యగారు ఒక తొట్టె రాయి అతుకు దగ్గర వంగి, వేలు దూర్చబోయారు. వేలు దూరలేదు.

ఆ కాలువ చివర మెట్ల కోనేరు ఉంది. 1980లలో తవ్వకాల్లో బయటపడింది. చుట్టూ గోధుమరంగు రాళ్ల మధ్య ఇదొక్కటే నల్లరాయి. అంచున నిలబడి చూస్తే కొన్ని మెట్ల రాళ్ల మీద చిన్నగా చెక్కిన గుర్తులు కనిపిస్తాయి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో పెట్టాలో చెప్పే గుర్తులవి. అంటే రాళ్లను వేరేచోట చెక్కి, లెక్క ప్రకారం తెచ్చి అమర్చారన్నమాట. “ఇప్పుడు మనవాళ్లు అంచనాలు మూడుసార్లు సవరించినా ఇంత సరిగా రాదు” అన్నారు మామయ్యగారు. శాఖ మనిషి మాట కదా, నేను కాదనలేదు.

రోడ్డు పక్కనున్న ‘భోజనశాల’ను వదలకండి. సన్నటి కాలువకు ఇరువైపులా రాతి పలకలు, ఒక్కో పలకలో విస్తరి ఆకారం చెక్కి ఉంటుంది. అన్నానికి పెద్ద గుంట, కూరలకు చిన్న గుంటలు. టికెట్టు లేదు, గుంపు లేదు, బోర్డు కూడా సరిగా లేదు. రాణి స్నానాలయాన్ని కూడా వదలకండి. బయటి నుంచి మామూలు గోడలు, లోపల ఆకాశానికి తెరిచిన తొట్టి, దాని మీదికి వాలిన బాల్కనీలు.

నరసింహస్వామి విగ్రహం 1528 నాటిది, 6.7 మీటర్ల ఎత్తు. ఒడిలో ఉండాల్సిన లక్ష్మీదేవి లేదు, కానీ వెనక్కి వెళ్తే స్వామి వీపు మీద ఆమె చేయి మాత్రం మిగిలి ఉంది. పక్కనే బడవలింగం కాలువ నీళ్లలో నిలబడి ఉంటుంది. కృష్ణాలయం నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలిచిన గుర్తుగా కృష్ణదేవరాయలు కట్టించినది. అక్కడి నుంచి తెచ్చి ప్రతిష్ఠించిన బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నాడు. గోపురం మీద డాళ్లు పట్టిన సైనికుల గచ్చు బొమ్మలను తీరిగ్గా చూడండి. పద్మమహల్, ఏనుగుల సాల అందంగా ఉన్నాయి, చెట్ల నీడ కూడా ఉంది. అంతకంటే చెప్పడానికేమీ లేదు.

సదుపాయాల సంగతి. విఠలాలయం, పద్మమహల్ ఆవరణ, కమలాపురం మ్యూజియం మూడింటికీ ఒకే టికెట్టు, అదే రోజున చెల్లుతుంది. కాబట్టి మూడూ ఒకేరోజు పెట్టుకోండి, శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుందని మరవకండి. మ్యూజియంను ముందే చూడటం మేలు. లోపలి ముంగిట్లో కొండలు, నది, గుళ్లతో మొత్తం హంపీ నమూనా ఉంది. అది చూశాక ఏది ఎటుందో తెలుస్తుంది, ఆటోవాళ్ల ‘చాలా దూరం సార్’ మాట నమ్మనక్కర్లేదు. మరుగుదొడ్లు టికెట్లు అమ్మేచోటే కనిపించాయి, మధ్యలో ఆశపెట్టుకోవద్దు. నీడా అంతే. ఆటోను రోజంతటికీ మాట్లాడుకోండి, ఆగాల్సిన చోట్లన్నీ ముందే పేరుపేరునా చెప్పండి. మాకు భోజనశాల ‘లిస్టులో లేదు’ అని అదనంగా అడిగారు.

నదికి అవతల ఆనెగొంది వైపు కుర్రాళ్లకు నచ్చే రిసార్టులున్నాయి. పుట్టిలో తిరగడం బాగుంటుంది కానీ వరద ఉంటే పడవలు ఆపేస్తారు, వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. గుళ్లు చూడటమే ముఖ్యమైతే అటు బస వద్దు. మామయ్యగారు మాత్రం అటు వెళ్లనే లేదు. విజయనగర కాలం నాటి తుర్తు కాలువ ఇప్పటికీ అరటితోటలకు పారుతోందని ఇంటావిడ చెప్పింది. ఆ సాయంత్రం ఆయన కాలువ గట్టు మీద ఒక రైతుతో ఆయకట్టు లెక్కలు మాట్లాడుతూ కూర్చున్నారు. మేం హేమకూటం కొండ ఎక్కి, సూర్యాస్తమయం చూసి, కిందికి దిగి ఫోన్ చేస్తే “ఇంకో అరగంట ఆగండి, తూము చూపిస్తానంటున్నాడు” అన్నారు.